నోరు మెదపకూడని వంద గంటలు

గ్రాండ్ రాపిడ్స్,
అక్టోబరు 9, 1997

తాతయ్యా,

ఫోను చేస్తే నీకు వినపడదు, నాకు అరవడం రాదు. అందుకే ఉత్తరం.

నేను డాక్టరు కావాలనుకుంటున్నాను. అమ్మకి చెప్పాను. పళ్ళెం కడుగుతూ "సరే" అంది. ఆ పళ్ళెమే రెండుసార్లు కడిగింది.

ఇక్కడి పద్ధతి వింటే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు, ముందే చెబుతున్నాను. మెడికల్ కాలేజీలో నేరుగా చేరనివ్వరు. ముందు మామూలు కాలేజీలో నాలుగేళ్ళు డిగ్రీ చదవాలి. ఏ సబ్జెక్టైనా పరవాలేదంటారు, సంగీతమైనా సరేనట. కానీ దాంతోపాటు కెమిస్ట్రీ రెండేళ్ళు, జీవశాస్త్రం, ఫిజిక్సు తప్పనిసరి. తర్వాత రోజంతా సాగే ఒక పరీక్ష. ఇవి కాక ఎవరైనా డాక్టరు వెంట కనీసం వంద గంటలు తిరిగి, ఆ పని దగ్గరుండి చూసి, ఆ డాక్టరు చేత సిఫారసు ఉత్తరం రాయించుకోవాలి. మూడో ఏడు మొదట్లో మా కాలేజీ ప్రొఫెసర్ల కమిటీ ఒకటి కూర్చుని, ఎవరిని మెడికల్ కాలేజీకి పంపాలో ఎవరిని ఆపాలో తేలుస్తుంది. కమిటీ ఆపితే ఇక దరఖాస్తు పెట్టడం దండగ.

ఇదంతా మా సలహాదారు ప్రూయిట్ గారు నాలుగు రంగుల్లో పట్టీ వేసి ఇచ్చారు. గోడకి అంటించాను. ఇప్పుడు నాది రెండో ఏడు. వచ్చే సెప్టెంబరు పదిహేనుకల్లా నా ఫైలు కమిటీ ముందు ఉండాలి.

ఏ సబ్జెక్టు తీసుకోమంటావు?

సెల్మా


ఐరన్ ఫాల్స్,
అక్టోబరు 20

సెల్మాకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళద్దాలు పెట్టుకుని. నాలుగో తరగతితో ఆపినవాణ్ణి, నా రాత ఇంతే. డాక్టర్ల రాత ఇంతకంటే ఘోరంగా ఉంటుంది, ఇప్పటినుంచే అలవాటు చేసుకో.

చదువుకోవడానికి పనికొస్తావో లేదో తేల్చడానికి నాలుగేళ్ళు చదివిస్తారా. మా గనిలో కొత్తవాడి చేతికి పార ఇచ్చి కిందికి దింపేవాళ్ళు. సాయంత్రం పైకి వస్తే వాడు గనివాడు. రాకపోతే కాదు. కమిటీ లేదు, రంగుల పట్టీ లేదు.

డాక్టరు వెనక తిరిగితే గంటలు లెక్కేస్తారా. మా గోధుమరంగు కుక్క పదమూడేళ్ళు పశువుల డాక్టరు వెనక ఊరంతా తిరిగింది. దానికి ఇప్పటిదాకా ఎవరూ పట్టా ఇవ్వలేదు.

నేను పెరట్లో ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో పుట్టాను. మంత్రసాని మా అమ్మకి పురుడు పోసి, మిగిలిన వేడినీళ్ళతో కాఫీ పెట్టుకుని తాగిందట. ఆవిడ ఎవరి వెనకా తిరగలేదు. నాకిప్పుడు డెబ్భై ఎనిమిది. డాక్టరు నా ఒంటి మీద చెయ్యి వేసి ఇరవై ఏళ్ళు దాటింది. అది లోకంలో ఎవరి గొప్పా కాదు, నా గొప్పే.

సబ్జెక్టు అడిగావు. వడ్రంగం చెబుతారా? చెబితే అది తీసుకో. కొయ్యడం, కుట్టడం, మేకు వంకరపోతే పీకి మళ్ళీ కొట్టడం, అన్నీ అందులోనే వస్తాయి.

డాక్టరువి కావాలనుకుంటే అవుతావు. నలభై ఏళ్ళు మీ అమ్మమ్మకి నేను చెప్పింది ఒక్కటీ చెవికెక్కలేదు. నీవీ ఆ చెవులే.

ఆర్వో కోస్కి


గ్రాండ్ రాపిడ్స్,
జనవరి 18, 1998

తాతయ్యా,

వడ్రంగం లేదు. అందరిలాగే జీవశాస్త్రం తీసుకున్నాను. చదువు బాగానే సాగుతోంది.

వంద గంటలతోనే చిక్కొచ్చి పడింది. ఈ ఊళ్ళో ఇరవై ముగ్గురు డాక్టర్లకి ఉత్తరాలు రాశాను. అందరి వెనకా ఇప్పటికే ఎవరో ఒకరు తిరుగుతున్నారు. డాక్టర్ల పిల్లలు, వాళ్ళ స్నేహితుల పిల్లలు, వాళ్ళతో గోల్ఫు ఆడేవాళ్ళ పిల్లలు. మనింట్లో గోల్ఫు ఆడేవాళ్ళు లేరు.

మీ ఊళ్ళో ఒకే ఒక్క డాక్టరు ఉంది, లవీన్ గారు. పదకొండేళ్ళ కిందట చర్చి విందులో, అమ్మమ్మకి ఉప్పు తగ్గించమన్నందుకు, అందరి ముందూ ఆవిణ్ణి "నీకంటే పశువుల డాక్టరే నయం" అన్నావని అమ్మ చెప్పింది. అయినా అడగక తప్పడం లేదు. ఎండాకాలం నీ దగ్గరుండి ఆవిడ క్లినిక్కుకి వెళ్ళనా? కుదరదంటే ఏమీ అనుకోను.

సెల్మా


ఐరన్ ఫాల్స్,
ఫిబ్రవరి 6

సెల్మాకి,

కుదిరింది.

పొగబెట్టిన చేప ఒకటి కాగితంలో చుట్టుకుని వెళ్ళాను. డాక్టరమ్మ నన్ను చూసి కుర్చీ చూపించింది.

"కూర్చోండి కోస్కి గారూ. పశువుల డాక్టరు ఊళ్ళో లేడా?"

పదకొండేళ్ళు దాచిపెట్టుకుంది ఆ మాట. కొంచెం కూడా తుప్పు పట్టలేదు.

"నాకేం కాలేదు. మా మనవరాలి పని మీద వచ్చా."

"ఏం పనండీ?"

"మీ వెనక తిరగాలంట."

"ఎందుకంట?"

"కాలేజీవాళ్ళు తిరగమన్నారంట. నాకూ అర్థం కాలేదు. మీకైనా అవుతుందేమో అడుగుదామని."

నవ్వింది. చేప వాసన చూసి బల్ల కింద పెట్టుకుంది. "పంపించండి. కానీ ఒక షరతు" అంది. ఆ షరతు నాకూ ఆవిడకీ మధ్య విషయం. నీకు చెప్పను, అడగొద్దు. జూన్‌లో రా.

ఇంకోటి. చదువు బాగానే సాగుతోందని రాశావు. రొట్టె మాడినప్పుడు మీ అమ్మమ్మ కూడా "బాగానే ఉంది" అని వెన్న ఎక్కువ పూసి పెట్టేది. ఎక్కడ మాడింది?

ఆర్వో కోస్కి


గ్రాండ్ రాపిడ్స్,
మార్చి 12

తాతయ్యా,

ఆర్గానిక్ కెమిస్ట్రీ మాడింది. సి గ్రేడు వచ్చింది. ఈ దారిలో సి అంటే గొంతు సవరించుకుని నీతో మెల్లగా మాట్లాడతారు. ప్రూయిట్ గారు సవరించుకున్నారు.

"సెల్మా, ఆసుపత్రుల్లో డాక్టర్లే కాదు, ఇంకా చాలామంది పని చేస్తుంటారు."

"తెలుసండీ. గచ్చు తుడిచేవాళ్ళు కూడా ఉంటారు."

"నేనా మాట అనలేదు."

అనలేదు, నిజమే. వీళ్ళు ఎవరినీ వద్దనరు. మర్యాదగా తలుపు తీసి పట్టుకుంటారు. అది బయటికి వెళ్ళే తలుపు. అడిగితే చివరికి ఒకటి చెప్పారు. ఆ సి పక్కన ఒక డాక్టరు రాసిన గట్టి ఉత్తరం ఉంటే కమిటీ ఆలోచిస్తుందట. అంటే నా బతుకిప్పుడు లవీన్ గారి కలం మీద ఉంది.

ఆవిడ ఒక కాగితం పంపించింది, సంతకం పెట్టాను. రోగి ఉన్న గదిలో నేను గోడ పక్కన నిలబడాలి. డాక్టరు అడిగితే తప్ప నోరు మెదపకూడదు. విన్నది బయట చెప్పకూడదు. రోగి వద్దంటే బయటికి పోవాలి. నోరు మెదిపితే ఉత్తరం లేదు.

నాకు వంద గంటలు మాట్లాడకుండా ఉండటం వచ్చంటావా?

సెల్మా


వంటింటి బల్ల, ఐరన్ ఫాల్స్,
జులై 18, శనివారం

సెల్మాకి,

నిన్నటినుంచి నీతో మాట్లాడటం మానేశాను. కనక రాస్తున్నాను. నువ్వు మేడ మీద, నేను కింద. స్టాంపు అక్కర్లేదు.

ఆ షరతు ఏమిటో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది. నేను కూడా ఒకసారి వెళ్ళి చూపించుకోవాలి. అదీ ఆవిడ అడిగింది. మాటిచ్చాను, నిన్న వెళ్ళాను. నర్సు బయటే అడిగింది.

"గదిలో ఒక విద్యార్థిని ఉంటుంది. మీకు అభ్యంతరమా?"

"ఎవరూ, మా సెల్మాయేగా?"

"ఆవిడే. వద్దంటే బయటికి పంపేస్తాం. కారణం కూడా చెప్పక్కర్లేదు."

"ఉండనీ. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఎలా ఉండాలో చూసి నేర్చుకుంటుంది."

అదీ నేను అన్న మాట. గొప్పకి పోయాను, ఒప్పుకుంటా. నువ్వు తెల్లకోటు వేసుకుని గోడ పక్కన నిలబడి ఉంటే చూడాలనిపించింది. చూశాను. బాగానే నిలబడ్డావు.

"కాళ్ళు ఎలా ఉన్నాయి?" అంది డాక్టరమ్మ.

"రెండున్నాయి."

"తిమ్మిర్లు? పుళ్ళు?"

"లేవు."

"ఒకసారి మేజోళ్ళు తీస్తారా?"

"చలి."

"జులై నెల కోస్కి గారూ."

"నాకెప్పుడూ చలే."

ఆవిడ ఫైల్లో ఏదో రాసుకుంటోంది. అప్పుడు గోడ మాట్లాడింది.

"అబద్ధం. ఎడమకాలు చూడండి."

తాతయ్యా అని కూడా అనలేదు నువ్వు. సంతలో గొడ్డుని చూపించినట్టు వేలు చూపించావు. నర్సు ముందు, డాక్టరు ముందు. మేజోడు పుండుకి అతుక్కుపోయి ఉంటే నీళ్ళు పోసి ఊడదీశారు. ఆ వాసనకి నర్సు మొహం పక్కకి తిప్పుకుంది. నేను చూశాను. గనిలో పైకప్పు కూలి రెండు రోజులు ఇరుక్కున్నప్పుడు కూడా నన్ను ఎవరూ అలా చూడలేదు.

షుగరంట. వేళ్ళు చచ్చిపోయాయంట. సోమవారం గ్రీన్ బే ఆసుపత్రికి పొమ్మన్నారు. పోతాను. నువ్వు రావద్దు, పక్కింటి తోయివో తన ట్రక్కులో తీసుకెళ్తాడు.

ఆర్వో కోస్కి


మేడ మీది గది,
అదే రోజు

తాతయ్యా,

జూన్ చివర్లోనే సౌనా బయటి గదిలో నీ మేజోడు చూశాను. మూడుసార్లు అడిగాను. మొదటిసారి గొడ్డలి జారిందన్నావు. రెండోసారి చెప్పు కరిచిందన్నావు. మూడోసారి, నీకు డాక్టరు పిచ్చి పట్టింది, పోయి పిల్లిని చూడు అన్నావు.

నిన్నటికి నాకు ఎనభై నాలుగు గంటలయ్యాయి. ఎనభై నాలుగు గంటలూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒకాయన తాగనని చెప్పాడు, ఆయన్ని ముందు రోజే సారా కొట్టు దగ్గర చూశాను. మాట్లాడలేదు. నీ దగ్గరికి వచ్చేసరికి ఇంకో పదహారు గంటలు నా వల్ల కాలేదు.

కావాలనే మాట్లాడాను. క్షమించమని అడగను. వేలు చూపించినందుకు మాత్రం అడుగుతున్నాను.

చేపల పులుసు పొయ్యి మీద ఉంది. తిను. చక్కెర డబ్బా నేను దాచేశాను, వెతకొద్దు.

సెల్మా


ఐరన్ ఫాల్స్,
ఆగస్టు 1

తాతయ్యా,

నువ్వు రావద్దన్నావు కాబట్టి ఆసుపత్రికి రాస్తున్నాను. తోయివో గారు రెండు వేళ్ళు తీసేశారని చెప్పారు. "మిగతా ఎనిమిదీ ఉన్నాయి, కోపం కూడా ఉంది" అన్నారు.

ఇక్కడి సంగతి. నా మీద క్లినిక్కుకి ఎవరో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. అది తేలేదాకా నన్ను రావద్దన్నారు. పదహారు గంటలు మిగిలిపోయాయి. ఉత్తరం కూడా రాయనన్నారు లవీన్ గారు. ఎవరిచ్చారో చెప్పరు, చెప్పకూడదు. నర్సు అయివుంటుంది, మొదటినుంచీ నేనంటే పడదు.

సెప్టెంబరు పదిహేనుకి ఆ ఉత్తరం లేకపోతే నా ఫైల్లో ఒక సి మాత్రం మిగులుతుంది. నీకు చెప్పి లాభం లేదు, ఊరికే చెబుతున్నాను.

సెల్మా


గ్రీన్ బే,
ఆగస్టు 6

సెల్మాకి,

ఇక్కడ తిండి కుక్క ముట్టదు. కాఫీలో చక్కెర అడిగితే నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూస్తారు. పక్క మంచం ఆయన వెల్డరు, పేరు ఒర్విల్. ఆయనకి ఒక మోకాలి కింద కాలు లేదు. నా రెండు వేళ్ళు చూసి "అబ్బో, గోళ్ళు తీయించుకున్నావా" అన్నాడు. నాకు నచ్చాడు.

కోసిన డాక్టరు కుర్రాడు. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే పాదం పోయేదన్నాడు. నాకు వినిపించేలా రెండుసార్లు చెప్పాడు.

ఇక అసలు మాట. ఫిర్యాదు ఇచ్చింది నర్సు కాదు. నేను.

ఆ శనివారం నీకు ఉత్తరం రాసి బల్ల మీద పెట్టాక, ఇంకో కాగితం తీసుకున్నాను. పెన్సిలు చెక్కుకుని రాశాను. ఊరు దాటేముందు తోయివో చేత తపాలా డబ్బాలో వేయించాను. డాక్టరు నిన్ను కొంచెం తిడుతుందనుకున్నా. తిట్టాలనుకున్నా. నీ చదువు గొంతు మీద కాలేస్తున్నానని ఆ కోపంలో తట్టలేదు. తట్టినా ఆ రోజు రాసేవాణ్ణేమో. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నా.

వెనక్కి తీసుకుంటాను.

ఆర్వో కోస్కి


ఐరన్ ఫాల్స్,
ఆగస్టు 12

తాతయ్యా,

నీ ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్ళి కట్టెలు కొట్టాను. రెండేళ్ళకి సరిపడా ఉన్నాయి.

తర్వాత లవీన్ గారి ఇంటికి వెళ్ళాను. ఎందుకు అంత కోపమని అడిగాను. ఆవిడ టమాటా మొక్కలకి నీళ్ళు పోస్తూ చెప్పింది.

"నీకు కనిపించింది నాకు కనిపించలేదనుకున్నావా? కుంటుకుంటూ వచ్చాడు. నేను రక్తపరీక్ష రాస్తున్నాను. నాలుగు రోజుల్లో మళ్ళీ పిలిచేదాన్ని. మూడోసారికి మేజోడు తనే తీసేవాడు. తనంతట తను తీసినవాడు నాలుగోసారి కూడా వస్తాడు. నువ్వు బలవంతంగా తీయించినవాడు ఇంక జన్మలో రాడు."

"మూడోసారికి పాదం పోయేదండీ."

"కావచ్చు" అంది. ఇంకో మొక్కకి నీళ్ళు పోసింది. "నువ్వు తప్పనడం లేదు. నేను తప్పని కూడా అనడం లేదు. కానీ ఆ గదిలో నువ్వు చెప్పిన సంగతి నీకు ఇంట్లో తెలిసింది. దాన్ని అక్కడ వాడావు."

తాతయ్యా, ఫిర్యాదు వెనక్కి తీసుకోవద్దు. నువ్వు రాసింది సబబే. నేను ఇంకో ఏడాది ఆగుతాను, మళ్ళీ ఎవరి వెనకో వంద గంటలు తిరుగుతాను. కానీ మళ్ళీ అదే గది, అదే కాలు అయితే మళ్ళీ మాట్లాడతాను. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇమడ్చాలో రంగుల పట్టీలో లేదు.

సెల్మా


ఐరన్ ఫాల్స్,
ఆగస్టు 19

డాక్టర్ లవీన్ గారికి,

నేను ఆర్వో కోస్కిని. పోయిన నెల మీకు ఒక ఫిర్యాదు రాశాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మా మనవరాలు వద్దంది. అది చెప్పినట్టు చేసే అలవాటు నాకు లేదు.

అందులో రాసింది ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. మాట్లాడకూడదన్నచోట మాట్లాడింది. నన్ను వేలెత్తి చూపింది. అవి అలాగే ఉండనివ్వండి. కానీ ఆ గదిలో మొదటి అబద్ధం ఆడింది నేను. దాని మీద ఫిర్యాదు ఇవ్వాలి, ఫారం ఉందా అని మీ నర్సుని అడిగాను. అలాంటిది లేదంది. పెట్టించండి, పనికొస్తుంది.

నేను ఇంక జన్మలో మీ దగ్గరికి రానని మీరన్నారట. వచ్చే సోమవారం తొమ్మిదింటికి వస్తున్నాను. ఎవరూ పిలవలేదు. మీకంటే పశువుల డాక్టరే నయమన్న మాట కూడా వెనక్కి తీసుకునేవాణ్ణే, కానీ ఆయన నొచ్చుకుంటాడు.

ఆర్వో కోస్కి


గ్రాండ్ రాపిడ్స్,
అక్టోబరు 14

తాతయ్యా,

నువ్వు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాక లవీన్ గారు నన్ను మళ్ళీ రానిచ్చారు కదా. మిగిలిన పదహారు గంటలు పూర్తి చేయించుకుని, ఆఖరి రోజున నా చేత ఇంకో సంతకం పెట్టించారు. ఆవిడ నా గురించి రాసే ఉత్తరం నేను ఎప్పటికీ చదవను, చూపించమని అడగను అని. అందరూ పెడతారు. పెట్టకపోతే ఉత్తరంలో నిజం ఉండదని కమిటీ నమ్మదు.

నిన్న కమిటీ ముందు కూర్చున్నాను. ఆరుగురు. సి గురించి అడిగారు, మళ్ళీ చదువుతున్నానని చెప్పాను. చివర్లో ఒక ముసలి ప్రొఫెసరు ఫైలు మూసి, "మీ తాతగారి కాలు ఎలా ఉంది?" అన్నాడు. పక్కనున్నాయన నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగాడు. అంటే ఆవిడ అంతా రాసేసింది. ఇక అయిపోయిందనుకున్నా.

ఈ రోజు కాగితం వచ్చింది. పంపిస్తామన్నారు, ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఈసారి బి తెచ్చుకుంటే.

ఆవిడ ఏం రాసిందో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు.

సెల్మా


ఐరన్ ఫాల్స్,
అక్టోబరు 23

సెల్మాకి,

బి తెచ్చుకో. అంతకంటే చెప్పడానికేం లేదు.

తన గురించి ఇంకొకరు రాసింది చదవనని సంతకం పెట్టే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. గనిలో ఫోర్‌మన్ మా గురించి రాసుకున్న పుస్తకం మేము వారానికోసారి దొంగతనంగా చదివేవాళ్ళం. అందుకే నిన్న కాలికి కట్టు కట్టించుకుంటూ డాక్టరమ్మని అడిగేశాను.

"ఆ పిల్ల గురించి ఏం రాశారు?"

"చెప్పకూడదు కోస్కి గారూ. ఆవిడ చదవనని సంతకం పెట్టింది."

"అది పెట్టింది. నేను పెట్టానా?"

కట్టు చివర కత్తెరతో కత్తిరించింది. తర్వాత చెప్పింది. రెండే వాక్యాలంట అసలు విషయం, మిగతాదంతా మర్యాద.

మొదటి వాక్యం ఇది: "ఎనభై నాలుగో గంటలో ఈమె నేను పెట్టిన నియమం తప్పింది."

రెండోది నీకు చెప్పను. సంతకం పెట్టినదానివి, దాని మీద నిలబడు. నువ్వు ఇంకొకళ్ళ గుట్టు కడుపులో పెట్టుకోవాల్సిన ఉద్యోగానికి పోతున్నావు. నేనూ ఒకటి పెట్టుకుంటా.

ఇంటికి కారులోనే వెళ్ళమంది డాక్టరమ్మ, నడిస్తే పుండు రేగుతుందని. తోయివో ట్రక్కు బయటే ఉంది. వాణ్ణి పొమ్మన్నాను. ఆ రెండో వాక్యం విన్నాక కూర్చుని వెళ్ళబుద్ధి కాలేదు. మైలున్నర. ఎనిమిది వేళ్ళతో నడిచే వచ్చాను.

మీ తాత,
ఆర్వో